హ్యాండ్‌బ్రేక్ నుంచి టీ గుక్క దాకా: కారు డిక్కీ వంటింటి డైరీ

జూన్ 8

పోయిన నెల అనంతగిరి వైపు వెళ్లినప్పుడు జరిగిన అవమానం ఇంకా మరిచిపోలేదు. మూడు సంచుల నిండా వంట సామాను మోసుకెళ్లాం. స్టవ్ ఉంది, గిన్నె ఉంది, టీపొడి ఉంది. లైటర్ మాత్రం ఏ సంచిలో ఉందో ఎవరికీ తెలీదు. అది దొరికేసరికి పాలు విరిగాయి. చివరికి రోడ్డు పక్క హోటల్లో తాగాం. "ఇంటి నుంచి వంటిల్లంతా తెచ్చుకుని హోటల్ టీ తాగడానికా ఇంత దూరం వచ్చింది?" అంది మా ఆవిడ. జవాబు లేదు.

ఇవాళ ఒక కొలత పెట్టుకున్నా. కారు ఆపి హ్యాండ్‌బ్రేక్ వేసిన క్షణం నుంచి మొదటి గుక్క టీ గొంతు దిగేదాకా ఎన్ని నిమిషాలు? నేను ఏ పెట్టె చేసినా ఈ సంఖ్య తగ్గాలి. తగ్గకపోతే అది ఫర్నిచర్ అవుతుంది తప్ప వంటిల్లు కాదు.

పాత మూడు సంచుల పద్ధతిలోనే మా అపార్ట్‌మెంట్ ముందు ఖాళీ స్థలంలో ఒకసారి చేసి చూశా. సెల్లార్లో కాదు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, సెల్లార్ నేలంతా పరుచుకుని కూర్చుంటుంది. 34 నిమిషాలు పట్టింది. అందులో నీళ్లు మరగడానికి పోయింది 6 నిమిషాలే. మిగతాదంతా వెతకడం, తీయడం, ఒకదాని కోసం ఇంకోదాన్ని పక్కన పెట్టడం. వాచ్‌మన్ మొత్తం చూసి, "ఇంట్లో గ్యాస్ అయిపోయిందా సార్?" అని జాలిగా అడిగాడు.

జూన్ 15

వీడియోలు చాలా చూశా. అమెరికావాళ్లకు ఇది పాత విద్య. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అనే టెక్సస్ పశువుల వ్యాపారి, మిలిటరీ బండి వెనక అరల పెట్టె బిగించి దానికి కిందికి దించే తలుపు పెట్టాడు. తలుపు దించితే అదే బల్ల. నెలల తరబడి మందతో నడిచే మనుషులకు అందులోంచే తిండి. ఇప్పటి క్యాంపింగ్ పెట్టెలన్నీ దాని మనవళ్లే.

ఆ పెట్టెల్లో పెద్ద చోటు ఐస్ బాక్సుకీ, గ్రిల్లుకీ పోతుంది. నాకు కావలసింది వేరు. మూడు లీటర్ల కుక్కర్ నిలువుగా పట్టాలి. పోపుల పెట్టె అడ్డంగా, మూత పైకి ఉండాలి, ఎప్పుడూ తలకిందులు కాకూడదు. గరిటె, అట్లకాడ, పట్టకారు తలుపు తెరవగానే చేతికి తగలాలి. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. ఇవి కాక చేతులు కడుక్కోవడానికి ధారగా నీళ్లు. టిష్యూతో తుడుచుకుని తినడం మొదలుపెట్టే వంశం కాదు మాది.

నాన్నకి ఫోన్ చేసి చెప్పా. ఆయన చిన్నప్పుడు వరంగల్ దగ్గర మా ఊరి నుంచి మేడారం జాతరకు ఎడ్లబండి కట్టుకుని పోయేవాళ్లు. రెండేళ్లకోసారి. దారిలో, జంపన్న వాగు దగ్గర, అడవిలో, ఎక్కడాగితే అక్కడ వంట. మొత్తం విని, "అక్కడ మూడు రాళ్లు దొరకవా బిడ్డా?" అన్నాడు.

దొరుకుతాయి నాన్నా. అడవిలో నిప్పు పెట్టనివ్వరు.

జూన్ 22

కొలతలు. మాది చిన్న హ్యాచ్‌బ్యాక్. వెనక సీటు నిలిపి ఉంచితే డిక్కీలో చక్రాల ఉబ్బుల మధ్య 38 అంగుళాల వెడల్పు, 23 లోతు, పైన ట్రే దాకా 20 ఎత్తు. కాగితం మీద గీసినది చేతికి అర్థం కాదు కాబట్టి, పక్కింటివాళ్ల కొత్త వాషింగ్ మెషిన్ అట్టపెట్టె అడుక్కుని తెచ్చి నమూనా చేశా. అట్ట, గోధుమరంగు టేపు, ఒక కత్తి. ఈ అట్టపెట్టె ముందు మా ఆవిడను నిలబెట్టి ఉత్తుత్తి వంట చేయించా. ఉత్తుత్తి పోపు, ఉత్తుత్తి ఉప్పు. రెండుసార్లు ఓపిగ్గా చేసింది, మూడోసారి ఉత్తుత్తి కోపం కాదు.

తెలిసిందేంటంటే, కూరలు తరిగే ఎత్తూ గరిటె తిప్పే ఎత్తూ ఒకటి కావు. ఆమె ఎత్తు ఐదు అడుగుల రెండు అంగుళాలు. తరగడానికి 33 అంగుళాలు హాయిగా ఉంది. అదే బల్ల మీద స్టవ్ పెడితే, స్టవ్ 4 అంగుళాలు, పైన గిన్నె 5, గిన్నె అంచు 42కి చేరి మోచెయ్యి భుజం దాకా లేస్తోంది. స్టవ్ కింద అర 28 దగ్గర ఉంటే సరిపోయింది. ఇంట్లో గట్టు మీద ఇన్నేళ్లుగా ఆ ఐదంగుళాల తేడా భుజంతో భరిస్తోందని ఇప్పుడు తెలిసింది.

జూలై 6

మొదటి పెట్టె తయారు. మా వీధి చివర వడ్రంగి మేస్త్రీ చేత చేయించా. డిక్కీలోనే బిగించి, రెండు సొరుగులు వెనక్కి లాగేలా, 18 అంగుళాల టెలిస్కోపిక్ చానెళ్లు. నేను 12 ఎంఎం ప్లైవుడ్ అన్నా. "పద్దెనిమిది లేకుంటే స్క్రూ పట్టదు సార్, రేపు ఊడితే నా పేరే చెప్తరు" అన్నాడు. ఆయన చెప్పిందే చేశా. ఆయన పని శుభ్రంగా ఉంది, మూలమట్టం పెట్టి చూస్తే ఒక్క సూత్ (అంగుళంలో ఎనిమిదో వంతు) కూడా తేడా లేదు.

తరవాత బాత్రూం తూకం మీద పెట్టాం. ఖాళీ పెట్టె 31 కిలోలు.

ముందే లెక్క వేసుకోవాల్సింది. ఎనిమిది బై నాలుగు అడుగుల 18 ఎంఎం షీటు ఒక్కటే 33 కిలోల దాకా తూగుతుంది. అదే 9 ఎంఎం అయితే అందులో సగం. ఆ షీటులో ముప్పాతిక పైన ఈ పెట్టెలోకి పోయింది. సామాను నింపితే 52. ఎత్తుకుని దించే మాటే లేదు, కారుకి శాశ్వతంగా ఒక సన్నటి మనిషిని ఎక్కించినట్టే.

టీ సమయం మాత్రం 21 నిమిషాలు. కాబట్టి సంతోషపడ్డా.

జూలై 20

సంతోషం తీరింది.

వికారాబాద్ దగ్గర బంధువుల మామిడి తోటకు వెళ్లాం. డిక్కీ తలుపు పైకెత్తి, దాని నీడలో సొరుగు లాగి, మొదట టీ, తర్వాత పప్పు. కుక్కర్ మూడు విజిల్స్. అంతవరకు బ్రహ్మాండం. పోపు వేసింది. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ. ఆ ఘాటు ఎక్కడికి పోతుంది? పైన డిక్కీ తలుపు గొడుగులా ఉంది, ముందు తెరిచిన కారు. మొత్తం లోపలికి పీల్చుకుంది. ముందు సీట్లో పడుకున్న చిన్నది దగ్గుకుంటూ లేచింది.

వారం రోజులు ఆఫీసుకి ఇంగువ కారులో వెళ్లా. లిఫ్ట్ అడిగిన సహోద్యోగి ఎక్కగానే, "ఇవాళ మీ ఇంట్లో పప్పుచారా?" అన్నాడు.

వాసన ఒక్కటే అయితే సర్దుకునేవాణ్ని. నూనె చిటపటలు సీటు వెనక గుడ్డ మీద పడ్డాయి. మంటకీ ఆ గుడ్డకీ మధ్య దూరం మూరెడు కూడా లేదు. మా సొరుగు పొడవే అంత. ప్యాన్‌కేకులు కాల్చుకునేవాళ్లకి పనికొచ్చే డిజైను పోపు వేసేవాళ్లకి పనికిరాదు. పొయ్యి కారు బయటికి రావాలి. అంటే పెట్టెను ఎత్తుకోగలగాలి. అంటే బరువు మూడో వంతు తగ్గితే చాలదు, సగానికి పైగా తగ్గాలి. మొదటి నుంచి మొదలు.

ఆగస్టు 3

వాన. పని లేదు. బాల్కనీలో పెట్టిన మిగులు ప్లైవుడ్ ముక్క అంచు ఉబ్బి పొరలు విచ్చుకుంది. చూస్తే అది ఐఎస్ 303 ప్రమాణంలో ఎంఆర్ రకం, అంటే కాస్త తేమకు ఆగుతుంది కానీ తడికి ఆగదు. వంటింటి పెట్టెకి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే తీసుకోవాలి. రెండు వారాల ముందే ఉబ్బి ఉంటే ఎంత బాగుండేది.

ఆగస్టు 17

సికింద్రాబాద్ రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఒక పూట. బందులు, ట్రంకు పెట్టెకి వేసే క్లిప్పు గొళ్లేలు, పొడుగాటి పియానో బందు ఒకటి, గొలుసు రెండు మూరలు. అంతకుముందు గురువారం జుమేరాత్ బజార్‌లో తిరిగి పాత ఇనప పెట్టెల పిడులు రెండు పట్టుకొచ్చా. ఎత్తితే లేచి, వదిలితే పడుకునే రకం. కొత్తవాటిలో అంత లావు ఊచ ఉండదు.

రెండో పెట్టె నేనే చేస్తున్నా. మేస్త్రీ దగ్గర షీటు మాత్రం మెషిన్ మీద కోయించా. 30 అంగుళాల వెడల్పు, 16 లోతు, 16 ఎత్తు. అన్నీ 9 ఎంఎం, అడుగు ఒక్కటి 12. సన్నటి ప్లైవుడ్ అంచులో స్క్రూ పట్టదన్న మాట నిజమే, అందుకని లోపలి నాలుగు మూలల్లో అంగుళం చదరపు టేకు కర్రలు నిలబెట్టి, స్క్రూలు వాటిలోకి దించా. జిగురు పూసి, స్క్రూ బిగించి, ఒక రాత్రి వదిలేశా. పొద్దున పైన కూర్చుని చూశా. నా 74 కిలోలకు కిర్రుమనలేదు.

మేస్త్రీ వచ్చి చూసి, వేలితో తట్టి, "డోలక్ చేసినరా సార్?" అన్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం ఆ మూల కర్రల పని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

ఆగస్టు 31

ముందు తలుపు కిందికి దిగి గొలుసు మీద నిలుస్తుంది. అది సామాను పెట్టుకోవడానికి, తరిగేది పెట్టె పైభాగం మీద. కుడి పక్క నుంచి స్టవ్ అర బయటికి జారుతుంది. పెట్టె కాళ్ల మీద నిలబడితే పెట్టె పైభాగం 33 అంగుళాలు, స్టవ్ అర 28. కాళ్ల గురించి పది రోజులు కొట్టుకున్నా. ముప్పావు అంగుళం జీఐ పైపు మర ఉన్న కాళ్లు అయితే నాలుగూ కలిపి రెండున్నర కిలోలు. అంగుళం చదరపు అల్యూమినియం గొట్టం అయితే ముప్పావు కిలో. అల్యూమినియమే. అడుగున నాలుగు గూళ్లు చేసి, గొట్టాలు అందులో దూర్చి, ఒక్కోదానికి ఒక రెక్క బోల్టు. ఈ కాళ్లు నా గర్వకారణం. విప్పి తలుపు వెనక పెట్టేస్తే కనపడను కూడా కనపడవు.

కాళ్లతో కలిపి ఖాళీ బరువు 13 కిలోల 200 గ్రాములు. నింపితే 24. ఇద్దరం చెరో పిడి పట్టుకుంటే పది అడుగులు సునాయాసం.

తెల్ల సన్‌మైకా పైన మాత్రమే అంటించా, మిగతాదంతా పాలిష్. మైకా కూడా బరువే, నాలుగు వైపులా వేస్తే కిలోకి పైగా పెరుగుతుంది. తెలుపు ఎంచుకోవడం తెలివితక్కువ పని. మొదటి రోజే పసుపు పడింది. సబ్బు, నిమ్మకాయ, వంటసోడా అన్నీ అయ్యాయి. భారతదేశం ఆకారంలో ఒక మరక అలాగే ఉంది, శ్రీలంకతో సహా.

సెప్టెంబరు 14

గ్యాస్ లెక్కలు. ఇంటి 14.2 కిలోల సిలిండర్ డిక్కీలో వేసుకుని తిరగడం నేను చెయ్యను. చిన్న 5 కిలోల సిలిండర్ దొరుకుతుంది కానీ ఇనుముతో కలిపి అది మళ్లీ పన్నెండు కిలోలు దాటుతుంది, పెట్టె బరువంత. రెండు రోజుల ప్రయాణాలకి క్యాసెట్ స్టవ్ తీసుకున్నా. స్ప్రే డబ్బాలాంటి 220 గ్రాముల బ్యూటేన్ క్యాన్ పక్కన పెట్టి మీట నొక్కితే పట్టుకుంటుంది.

ఎన్ని క్యాన్లు కావాలి? లీటరు నీళ్లు 25 డిగ్రీల నుంచి మరగాలంటే దాదాపు 315 కిలోజౌళ్లు. బ్యూటేన్ కిలోకి 45 మెగాజౌళ్ల పైన ఇస్తుంది, అంటే లెక్క ప్రకారం 7 గ్రాములు చాలు. కానీ సగం వేడి గిన్నె పక్కల నుంచి గాలిలోకే పోతుంది. కాబట్టి లీటరుకి 15 గ్రాములు. వంటింటి తూకం మీద క్యాన్‌ను ముందూ తర్వాతా పెట్టి చూశా. ఫ్యాన్ ఆపి 14. బాల్కనీలో, గాలి మామూలుగా ఉన్న సాయంత్రం, 23. గాలి ఎంత తింటుందో ఆ తొమ్మిది గ్రాములే చెప్పాయి. పూర్తి మంట మీద ఒక క్యాన్ గంటా పావు వస్తోంది. మాకు రెండు రోజులకి మూడు, ఒకటి అదనం.

బ్యూటేన్ సున్నాకి కాస్త కింద, మైనస్ అర డిగ్రీ దగ్గర మరుగుతుంది. అంతకన్నా చల్లబడితే క్యాన్‌లో ద్రవంగానే కూర్చుంటుంది, మంట రాదు. మన దగ్గర ఆ భయం లంబసింగి చలికాలం తెల్లవారుజాముల్లో తప్ప లేదు. మనకున్న భయం రెండో వైపుది. క్యాన్ మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని ఉంటుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల 60 దాటుతుంది. అందుకని క్యాన్లు పెట్టెలో ఉండవు. ప్రయాణం రోజు మాత్రమే ఎక్కుతాయి, ఇంటికి రాగానే దిగుతాయి. పెట్టె అడుగున, స్టవ్ అర కింద, బొటనవేలంత బొక్కలు నాలుగు పెట్టా. గ్యాస్ కిందికి జారుతుంది, దానికి దారి కిందే ఉండాలి.

అక్టోబరు 5

ఇవాళ జరిగింది వివరంగా రాసిపెట్టుకోవాలి.

దోసెలు. ఇంటి పెద్ద పెనం, 12 అంగుళాలది, క్యాసెట్ స్టవ్ మీద. గాలి ఆపడానికి నేను అల్యూమినియం రేకును మూడు మడతలుగా చేసి స్టవ్ చుట్టూ నిలబెట్టా. క్యాన్ ఉండే అర కూడా రేకు లోపలే. మూడో దోసె తిప్పుతున్నా. "టక్" మని ఒక చప్పుడు. మంట ఆరిపోయింది. మీట దానంతట అదే పైకి లేచి ఉంది.

క్యాన్ మూత మీద చెయ్యి పెట్టి, పెట్టినంత వేగంగా తీసేశా. కాలుతోంది.

పెనం స్టవ్ కన్నా పెద్దది, దాని అంచు క్యాన్ అర మీదికి పూర్తిగా వాలింది. పెనం వేడి కిందికి కొడుతోంది. రేకు ఆ వేడిని బయటికి పోనివ్వట్లేదు. లోపల క్యాన్‌లో ఒత్తిడి పెరిగి, స్టవ్‌లో ఉండే రక్షణ మీట క్యాన్‌ను వెనక్కి తోసేసింది. అది పని చెయ్యకపోతే ఏమయ్యేదో ఊహించే ఓపిక నాకు లేదు. చేతులు ఒణికాయి. క్యాన్‌ను తాకకుండా అరగంట దూరంగా కూర్చున్నాం.

మార్పులు అదే రోజు చేశా. స్టవ్ అర పక్క గోడ మీద ఎర్ర పెయింటుతో ఒక గీత. ఏ గిన్నె అంచూ ఆ గీత దాటకూడదు. మాకు అది 9 అంగుళాల పెనం వరకే. రేకు ఇప్పుడు రెండు వైపులే, బర్నర్ వైపు మాత్రమే, క్యాన్ వైపు తెరిచే ఉంటుంది. స్టవ్ కింద అల్యూమినియం పలకకీ ప్లైవుడ్‌కీ మధ్య అరంగుళం ఖాళీ వదిలా. ఇంటి పెనం ఇంట్లోనే ఉంటుంది.

అమ్మకి ఇది చెప్పలేదు.

నవంబరు 9

మోత. నింపిన పెట్టెతో రింగ్ రోడ్డు మీద యాభై కిలోమీటర్లు. గలగల, టంగుటంగు, మధ్యలో ఒక సన్నటి కీచు. ఒక్కో వస్తువూ తీసి మళ్లీ నడిపి, తీసి మళ్లీ నడిపి చూశాం. గలగల స్టీలు గ్లాసులు, వాటి మధ్య పాత బనియన్ గుడ్డ ముక్కలు. టంగుటంగు కుక్కర్ విజిల్ బరువు, దాన్ని తీసి పోపుల పెట్టెలో ఖాళీ గిన్నెలో పెట్టాం, ఇప్పుడు మెంతుల వాసనొస్తుంది. కీచు ఎంతకీ దొరకలేదు. చివరికి అది పెట్టెది కాదు, కారుది. నాలుగేళ్లుగా ఉందట.

పెట్టెను వెనక సీటుకి పూర్తిగా ఆనించి, రాచెట్ బెల్టుతో డిక్కీ కొక్కేలకు కట్టేస్తున్నా. గట్టి గుద్దులో వస్తువు తన బరువుకి ఇరవై రెట్లతో ముందుకు తోస్తుందనుకుంటే, 24 కిలోల పెట్టె 480 కిలోలతో సీటును కొడుతుంది. ఆ సీట్లో కూర్చునేది పిల్లలు. మధ్యలో సందు ఉండకూడదు, పరుగు తీసే చోటు దొరక్కూడదు.

నీళ్లు పెట్టెలో వద్దు. కుళాయి ఉన్న పది లీటర్ల క్యాన్ విడిగా. తాగడానికి ఇంకోటి. వంటకి నాలుగు, కడగడానికి ఆరు సరిపోతున్నాయి, ఎందుకంటే తినేది విస్తరాకుల్లో. జిడ్డు గిన్నెను ముందు పాత పేపరుతో, తర్వాత చిటికెడు శనగపిండితో తుడిస్తే కడగడానికి రెండు గ్లాసులు చాలు.

టీ సమయం 12 నిమిషాలు. ఇంటి ముందు, గాలి లేకుండా.

డిసెంబరు 21, గండికోట

కర్నూలు, బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా జమ్మలమడుగు, అక్కణ్నించి కోట. ప్రొద్దుటూరు నుంచి మా బావమరిదీ, అత్తయ్యా వచ్చి కలిశారు. ఎర్రమల కొండల్ని పెన్న కోసేసిన ఆ లోయ అంచు చూడ్డానికి వచ్చినవాళ్ల డేరాలు అప్పటికే చాలా వేసి ఉన్నాయి. మేం డేరాలు వేసుకోనిచ్చే చోట, అంచుకి బాగా ఇవతల ఆగాం.

హ్యాండ్‌బ్రేక్. వాచ్ నొక్కా. బెల్టు విప్పి, ఇద్దరం పెట్టె దించి, కాళ్లు దూర్చి, బోల్టులు తిప్పి, తలుపు దించి. నాలుగు నిమిషాలు. బావమరిది, "ఇదేంది బావా, పెళ్లి పందిరి మాదిరి లేచింది!" అన్నాడు. అక్కడిదాకా నా రోజు.

గాలి. లోయలోంచి పైకి తన్నుకొస్తోంది. 28 అంగుళాల ఎత్తులో మంట పక్కకి పడుకుంది. రేకు రెండు వైపులా పట్టుకుని నిలబడ్డా. గిన్నెలో నీళ్లు మరగడానికే పది నిమిషాలు పట్టింది. టీ 17 నిమిషాలకు. పర్లేదు, చెడ్డ రోజున 17 అనుకున్నా.

రాత్రికి అత్తయ్య రాగి సంకటి చేస్తానన్నారు. రాగిపిండి, నూకలు, సంకటి తెడ్డు ప్రొద్దుటూరు నుంచే తెచ్చుకున్నారు. నా పెట్టెలో తెడ్డుకి చోటు లేదు, అది చెయ్యంత పొడుగు. నూకలు ఉడికాక పిండి పోసి తెడ్డు వేశారు. సంకటి తిప్పడమంటే టీ తిప్పడం కాదు. రెండు చేతుల బలమూ తెడ్డులోకి పోతుంది. మొదటి తిప్పుకే స్టవ్ అర ఊగింది. రెండో తిప్పుకి పెట్టె నాలుగు కాళ్లూ ఒకేసారి పక్కకి వాలి మళ్లీ లేచాయి.

"కాళ్లు ఊగుతాండాయి నాయనా. తీసెయ్."

తీసేశా. పెట్టెను బండ మీదే పెట్టి, స్టవ్‌ను అరలోంచి బయటికి లాగి చదునైన రాయి మీద ఉంచాం. పెట్టె గాలికి అడ్డం, కారు ఇంకోవైపు అడ్డం. అత్తయ్య బియ్యం డబ్బా బోర్లించి పీటలా వేసుకుని కూర్చున్నారు. మంట నిటారుగా నిలబడింది. గాలి అక్కడ కిందికి అసలు దిగట్లేదు. రేకు అవసరం కూడా లేకపోయింది. పిండి ఉడికాక గిన్నెను స్టవ్ మీద కాదు, కింద పెట్టుకుని తిప్పాలి. అందుకని తువ్వాలు మెలిపెట్టి చుట్టకుదురు చేసి, దాని మీద గిన్నె ఆనించి, పాదాలతో రెండు పక్కలా అదిమి తిప్పారు. గిన్నె కదల్లేదు.

నేను పది రోజులు కొట్టుకుని చేసిన కాళ్లు, గడ్డి మీద పడుకుని ఉన్నాయి. సంకటి, పల్లీల ఊరుబిండి పచ్చడి, ఉల్లిపాయ. ఆకు మీద ముద్ద పెట్టి, మధ్యలో గుంత చేసి నెయ్యి పోశారు. ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

డిసెంబరు 22

తెల్లవారుజామున కాళ్లు పెట్టలేదు. పెట్టె నేల మీద, స్టవ్ రాయి మీద, నేను బియ్యం డబ్బా మీద. నిన్నటి గాలే. 11 నిమిషాలు. ఇప్పటిదాకా అదే అన్నిటికన్నా తక్కువ.

అత్తయ్యకి మోకాళ్లు పర్వాలేదు. మా ఆవిడకి నేల మీద కూర్చుని లేవడం కష్టం, ఆమెకి నిలబడే ఎత్తే కావాలి. కాబట్టి కాళ్లు పారెయ్యను. కానీ వాటిని తప్పనిసరి అనుకుని చేసిన లెక్క మార్చాలి. స్టవ్ అర పెట్టె నుంచి పూర్తిగా ఊడి రావాలి, రెండు వైపులా చిన్న పాదాలతో తనంతట తాను నేల మీద నిలవాలి. ఇప్పుడు చానెల్ చివర ఆపు వల్ల అది ఊడదు. నిన్న లాగితే స్టవ్ ఒక్కటే వచ్చింది, కిందికి రాయి వెతుక్కోవాల్సి వచ్చింది.

జనవరి 4

చానెల్ మార్చా. లోపల చిన్న నల్ల మీట నొక్కితే రెండు ముక్కలుగా విడిపోయే రకం వేశా, మేస్త్రీ దగ్గర వంటింటి సొరుగులకి వాడేదే. స్టవ్ అర కింద రబ్బరు పాదాలు నాలుగు. బరువు పెరిగింది 300 గ్రాములు. దాన్ని తగ్గించడానికి మధ్య అర ప్లైవుడ్‌లో గుండ్రటి బొక్కలు కోయించా. మేస్త్రీ, "మొన్న డోలక్, ఇయాల జల్లెడ" అన్నాడు.

ఇప్పటివరకు ఖర్చు, మొదటి పెట్టె వదిలేస్తే, స్టవ్‌తో కలిపి 8,940 రూపాయలు. మొదటి పెట్టె బాల్కనీలో చెప్పుల స్టాండ్ అయింది. 31 కిలోలు కాబట్టి గాలికి ఎగరదు.

మిగిలిన పని ఒక్కటే. ఎనిమిది అంగుళాల వెదురు చుట్టకుదురు ఒకటి కొన్నా. తలుపు లోపలి వైపు, గరిటెల పక్కన వేలాడదీద్దామంటే తలుపు మూసినప్పుడు కుక్కర్ పిడికి తగులుతోంది. కుక్కర్‌ను ఎడం వైపు తిప్పి పెడితే పోపుల పెట్టె పావు అంగుళం బయటికొస్తోంది. రేపు గూడు ఒక సూత్ లోతు చేసి చూడాలి.